అనుమానాన్ని గెలిపిస్తున్న సినిమాలు
భయం చిత్రాలు తీస్తున్న దర్శక, రచయిత, నిర్మాతలకు బహిరంగ లేఖ



ముందు మెచ్చుకోలు చెప్పాలి, అది మొక్కుబడి కాదు. గత నాలుగైదేళ్లుగా తెలుగు సినిమాలో కాస్త సాహసం మిగిలిందంటే అది ఎక్కువగా మీ దగ్గరే మిగిలింది. పెద్ద హీరోల సినిమాలు వందల కోట్ల అంకెలను పోస్టర్ల మీద అచ్చువేసుకుంటున్న కాలంలో మీరు ఒక ఊరు, ఒక పాత ఇల్లు, పేరున్న హీరో లేని తారాగణం, శ్రద్ధగా పట్టిన శబ్దం పెట్టుకుని జనాన్ని కదలకుండా కూర్చోబెట్టారు. 2021 చివర్లో నేరుగా ఓటీటీలోకి వచ్చిన ‘మా ఊరి పొలిమేర’ నోటి మాట మీదే ఎంత దూరం పాకిందంటే, దాని రెండో భాగం 2023 నవంబరులో థియేటర్లకు వెళ్లింది. అదే నెల ‘మంగళవారం’, మరుసటి నెల ‘పిండం’. అంతకు ముందు 2022 నవంబరులో ‘మసూద’, 2023 ఏప్రిల్‌లో ‘విరూపాక్ష’. 2025లో ‘ఓదెల 2’, ‘కిష్కింధపురి’. ఈ సినిమాల్ని వదలకుండా చూసే మనిషి రాస్తున్న ఉత్తరం ఇది. కాబట్టి ఇందులో ఫిర్యాదు ఉన్నా అది బయటివాడి ఫిర్యాదు కాదు.

సినిమాల వారీగా నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. వీటన్నిటిలో పనితనం తెలిసిన సినిమా ‘మసూద’. ధైర్యం లేనివాణ్ణి కథానాయకుణ్ణి చేయడంతోనే దర్శకుడు సాయికిరణ్ సగం గెలిచాడు. తిరువీర్ వేసిన గోపికి పక్కింటి తల్లీకూతుళ్లకు సాయపడాలని ఉంటుంది, కాళ్లు మాత్రం వెనక్కే లాగుతుంటాయి. హీరో భయపడితేనే ప్రేక్షకుడు భయపడతాడనే చిన్న సంగతి మనవాళ్లకు ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదో! సంగీత చేసిన తల్లి పాత్ర ఆ సినిమాకు వెన్నెముక. ‘విరూపాక్ష’, ‘మంగళవారం’ రెండింటికీ అజనీష్ లోక్‌నాథే సంగీతం ఇచ్చాడు. రెండింట్లోనూ భయంలో సగం ఆయనదే. ‘కిష్కింధపురి’లో రేడియో స్టేషన్ ఆలోచన బాగుంది, చచ్చినవాళ్ల గొంతు గాల్లోంచి రావడం కంటికి కనిపించే దెయ్యం కన్నా ఎక్కువ పని చేస్తుంది. ‘పిండం’ మీద కంజూరింగ్ సినిమాల నీడ మరీ దట్టంగా పడింది, ఇల్లు మనది, భయం మాత్రం అరువుది. ‘ఓదెల 2’ సంగతికొస్తే, శివుడే స్వయంగా దిగివచ్చి పక్షం తీసుకున్నాక ఇక భయపడటానికి ఎవరికైనా పనేముంటుంది? అది భక్తి సినిమా. భక్తి సినిమాగా ఎలా ఉందన్నది వేరే ఉత్తరం.

మీకు ముందు పదేళ్లు ఏం నడిచిందో గుర్తుంటే మీరు తెచ్చిన మార్పు ఎంతటిదో తెలుస్తుంది. 2013లో ‘ప్రేమ కథా చిత్రమ్’ తక్కువ ఖర్చులో పెద్ద విజయం సాధించింది. మరుసటి ఏడాది ‘గీతాంజలి’, ఆ తర్వాత ‘రాజుగారి గది’. అక్కడి నుంచి ఒక బంగళా, నలుగురు హాస్యనటులు, చీర కొంగు ఎగరేసే ఒక ఆత్మ ఉంటే సినిమా అయిపోయింది. తలుపు కిర్రుమంటే కమెడియన్ అరవాలి, మనం నవ్వాలి. ఆ మూసను బుద్ధిగా తిరగేసిన సినిమా 2017లో మహి వి.రాఘవ్ తీసిన ‘ఆనందో బ్రహ్మ’. అందులో మనుషుల్ని చూసి దెయ్యాలే బెంబేలెత్తుతాయి. ఇక ఆ దారిలో మిగిలింది పెద్దగా లేదని తేలిపోయాక మీరు వచ్చారు. బంగళా వదిలి ఊళ్లోకి నడిచారు. యాస పట్టుకున్నారు. పొలిమేర, అమ్మోరి గుడి, ఊరి చావడి, సర్పంచి, ఆటో, కానిస్టేబులు అన్నీ ఉన్నవి ఉన్నట్టు తెచ్చారు. నిజం ఊరిలా కనబడే ఊళ్లో భయం పుట్టించడం మీ తరం సాధించింది. నా పేచీ కూడా సరిగ్గా అక్కడే.

మంత్రగాడు తెలుగు తెరకు కొత్తవాడేం కాదు. 1951లో ‘పాతాళభైరవి’లో ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడి కంటే పేరున్న మంత్రగాడు మనకు ఈనాటికీ లేడు. ఆ సినిమా చూసి ఎవరూ పక్కింటి ముసలాయన్ని అనుమానించలేదు. కారణం సులువు. ఆ మాంత్రికుడు ఉండేది ఉజ్జయినిలో, రాజకుమారి ఉన్న లోకంలో, సాహసం చేస్తే వరం దొరికే లోకంలో. అతను మన వీధివాడు కాడు. మీరు చేసిందేమిటంటే ఆ మంత్రగాణ్ణి జానపదం నుంచి దింపి ‘పొలిమేర’లో ఆటో నడుపుకునే కొమురయ్యను చేశారు. సత్యం రాజేష్ ఆ పాత్రను ఎంత మామూలుగా చేశాడంటే, రేపు సంతలో ఎదురైతే పలకరించేలా ఉంటాడు. నటుడిగా అది ఆయన గొప్ప. అయితే ఆ మామూలుతనంతోపాటే కథ ఇంకొకటి కూడా చెబుతోంది. చేతబడి చేసేవాడు మీలో ఒకడే, మీ అన్నలాగో బావలాగో ఉంటాడు, మీరు కనిపెట్టలేకపోతున్నారంతే అని.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. భయం సినిమాల్లో రెండు రకాల దుష్టశక్తులు ఉంటాయి. ఒకటి చచ్చిపోయినవాళ్ల ఆత్మ. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, ఎంత భయపెడితే అంత మంచిది. రెండోది బతికి ఉన్న మనిషి, ఊళ్లో ఒకరు, మంత్రంతో ఇతరుల్ని చంపుతున్నారని ఊరు అనుమానించే మనిషి. ఈ రెండో కథలో మీరు తీర్పు ఎవరివైపు చెబుతున్నారన్నదే నా ప్రశ్న. ‘పొలిమేర’లో ఊరు ఒకణ్ణి చేతబడి చేస్తున్నాడని అనుమానిస్తుంది, కథ నడిచిన కొద్దీ ఆ అనుమానం నిజమని తేలుతుంది. ‘విరూపాక్ష’ రుద్రవనం అనే ఊళ్లో క్షుద్రపూజలు చేస్తున్నారన్న నెపంతో ఒక జంటను ఊరంతా కలిసి తగలబెట్టడంతో మొదలవుతుంది. తెలుగు భయం సినిమాల్లో ఇంత నిజమైన భయం ఉన్న ఆరంభం ఇంకొకటి లేదు. ఆ మంటల చుట్టూ నిలబడ్డ ముఖాలు చూస్తే ఈ కథ ఆ ఊరిని నిలదీస్తుందని అనిపిస్తుంది. కానీ పన్నెండేళ్ల తర్వాత మొదలైన చావులకు నిజంగానే ఆ విద్యే కారణమని సినిమా తేలుస్తుంది. ఎవరు చేశారన్నది ఇక్కడ చెప్పను, చూడనివాళ్లకు అన్యాయం. చెప్పదలచిందల్లా ఇదే: మంట పెట్టిన ఊరిమీదికి రావాల్సిన ప్రశ్న, మంత్రాన్ని ఎలా తిప్పికొట్టాలన్న ప్రశ్నగా మారిపోయింది. నిప్పు పెట్టినవాళ్లు బాధితులై బయటపడ్డారు.

దీనికి తోడు ఇంకో అలవాటు. నమ్మనివాడు ఒకడు కథలో తప్పకుండా ఉంటాడు. డాక్టరో, పోలీసో, పట్నం నుంచి వచ్చిన హీరోనో. మొదటి సగంలో అతను వెటకారం చేస్తాడు, ఇంటర్వెల్ తర్వాత నోరు మూసుకుంటాడు, చివర్లో తాయెత్తు కట్టుకుంటాడు. దెయ్యం కథలో ఇది సరదాగానే ఉంటుంది. బతికున్న మనిషిని అనుమానించే కథలో మాత్రం, అడ్డుపడి ‘ఆగండి, నిజమేంటో కనుక్కుందాం’ అన్నవాడు వెర్రివాడని తేల్చినట్టవుతుంది. ఊళ్లో అనుమానం రేగిన రాత్రి అలా అనగలిగేవాడు ఒక్కడు ఉంటే ఒక ప్రాణం దక్కుతుంది. మీ కథల్లో ఆ ఒక్కడూ ప్రతిసారీ ఓడిపోతున్నాడు.

ఈ మాట జి.మాడుగుల నుంచి రాయడానికి కారణం ఉంది. ఇక్కడ, అంటే పాడేరు కొండల్లో, చేతబడికి చిల్లంగి అని పేరు. చిల్లంగి నెపంతో హత్య అనే వార్త ఉత్తరాంధ్ర ఏజెన్సీ పేజీల్లో ఎన్నాళ్లుగానో వస్తూనే ఉంది. తెలంగాణలో అదే బాణామతి, మంత్రాల నెపం. 2022 జనవరిలో జగిత్యాలలో ఒకే ఇంటికి చెందిన తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో పట్టపగలు నరికి చంపారు. అది కొండా కాదు, అడవీ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రతి ఏటా హత్యలకు కారణాలు విడగొట్టి ఇచ్చే పట్టికలో మంత్రవిద్య అనుమానం ఒక వరుస. 2022లో ఆ వరుసలో దేశం మొత్తం మీద 85 మంది ఉన్నారు. ఊరు విడిచి పారిపోయినవాళ్లు, తప్పు కట్టి బతికిపోయినవాళ్లు, ఎవరూ ఫిర్యాదు ఇవ్వక కాగితం ఎక్కనివాళ్లు ఆ లెక్కలోకి రారు.

ఆ నింద ఎలా పుడుతుందో మీకు తెలిస్తే కథకులుగా ఆసక్తి కలుగుతుంది. వానాకాలంలో పిల్లకు జ్వరం వస్తుంది. రెండో రోజు పొంతన లేని మాటలు, కళ్లు తేలేయడం, మూడో రోజు ఫిట్స్. తెర మీద మీరు పూనకం అని చూపించేది దాదాపు ఇదే. వైద్యులు దీన్ని మెదడుకు ఎక్కిన మలేరియా అంటారు. సకాలంలో మందు పడితే బతికే జబ్బు, ఆలస్యమైతే గంటల్లో ప్రాణం తీసే జబ్బు. రోడ్డు లేని ఊరి నుంచి డోలీ కట్టుకుని గెడ్డ (కొండవాగు) దాటి ఆసుపత్రికి చేరేలోపు ఆ గంటలు అయిపోతాయి. ఇంకొకటి ఆంత్రాక్స్. చచ్చిన పశువును కోసినవాళ్ల చేతుల మీద నొప్పి లేని పుండు లేచి నడిమధ్య బొగ్గులా నల్లగా పెచ్చు కడుతుంది. ఎవరో పెట్టినట్టే ఉంటుంది చూసేవాళ్లకు. విశాఖ ఏజెన్సీలో ఇది పదే పదే తలెత్తిన జబ్బు. కారణం తెలియని చావు ఇంట్లో పడుకున్నప్పుడు మనిషి మనసు కారణం వెతుక్కుంటుంది. సోది చెప్పేవాళ్లను అడుగుతారు. ‘మీ చుట్టుపక్కలవాళ్లే’ అని సమాధానం వస్తుంది. అప్పటికే పోడు గట్టు దగ్గర తగాదా ఉన్నవాడో, మేక విషయంలో మాట పడ్డవాడో, పిల్లలు లేని ముసలామో, పసరు మందు ఇచ్చే పెద్దాయనో గుర్తుకొస్తారు. మంత్రం గురించి ఎవరూ పరిశోధించరు. పాత తగాదాకు కొత్త పేరు దొరుకుతుంది.

పసరు మందు ఇచ్చేవాళ్ల మాట వచ్చింది కాబట్టి మీ కళాదర్శకుల పనిని ఒకసారి దగ్గరగా చూద్దాం. హీరో అనుమానితుడి ఇంట్లోకి దొంగతనంగా వెళతాడు. టార్చి వెలుగులో కెమెరా నెమ్మదిగా తిరుగుతుంది. చూరుకు కట్టిన ఎండు వేర్లు, కోడి ఈకలు, మూత బిగించిన సీసాలో నల్లటి ద్రవం, పసుపు కుంకుమ పూసిన రాయి, సగం కాలిన సాంబ్రాణి, ఒక ఎముక. వెనక డోలు ఒక్కసారి మోగుతుంది. నేరం రుజువైపోయింది, ఇక కోర్టు కూడా అక్కర్లేదు. కానీ కొండ ఊళ్లో మందు తెలిసిన ఏ ఇంట్లో చూసినా చూరుకు వేర్లే ఉంటాయి, సీసాలో పసరే ఉంటుంది. కోడిని కోయకుండా మొక్కు తీరదు, అందుకని ఈకలూ ఉంటాయి. శంకుదేముడికి పసుపు రాసిన రాయి లేకుండా ఊరే ఉండదు. బాలింతకు కషాయం ఇచ్చే మనిషి సామానును మీరు హంతకుడి సామానుగా చూపిస్తున్నారు. నటుడి ముఖం ఎవరికీ అతికించలేరు గానీ, ఈ సామాను చాలా ఇళ్లకు అతుకుతుంది.

ఇక్కడ మీలో చాలామంది అడగబోయేది నాకు తెలుసు. ‘ఈ నమ్మకం మా సినిమాల కంటే వందల ఏళ్లు పెద్దది, మా సినిమా రాకముందూ చంపుకున్నారు, మా సినిమా చేరని ఊళ్లోనూ చంపుకుంటున్నారు, తప్పు ఆసుపత్రి కట్టనివాళ్లది’ అని. మొదటి మూడు మాటలూ నిజం. చివరిది మరీ నిజం. డాక్టరు, రోడ్డు, దోమతెర వచ్చిన చోట చిల్లంగి మాట దానంతటదే పలచబడుతుంది. మీ సినిమా చూసి ఫలానా హత్య జరిగిందని నేను అనను. అలా రుజువు చేసేందుకు ఆధారం లేదు, లేని ఆధారం ఉందనడం మంత్రగాణ్ణి పట్టించేవాళ్ల పద్ధతి. నేననేది అంతకంటే చిన్న మాట. చదువుకున్న పిల్లలు, ఉద్యోగం మీద మైదానానికి వెళ్లొచ్చిన కుర్రాళ్లు, ఆశా కార్యకర్తలు ఇన్నాళ్లూ ‘అదంతా ఏమీ లేదు’ అని ఇంట్లో పెద్దలతో వాదిస్తూ వచ్చారు. ఇవాళ సిగ్నల్ దొరికిన ప్రతి చోటా ఫోన్‌లో సినిమా ఉంది. పట్నంవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు, కోట్లు పెట్టి, శ్రద్ధగా తీసి, ‘ఉంది’ అని చెబుతున్నారు. వాదనలో బరువు ఎటు పడుతుంది? ఆసుపత్రి కట్టనివాళ్ల తప్పు మీ నెత్తిన వేయను, మీరు చేర్చిన ఈ బరువు మాత్రం మీదే.

‘మొదట్లోనే హెచ్చరిక వేశాం కదా’ అంటారు. మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదన్న ఆ వాక్యం నాకూ తెలుసు. అది తెర మీద మూడు క్షణాలు ఉంటుంది, ఆ తర్వాత రెండు గంటల ఇరవై నిమిషాలు దానికి వ్యతిరేకంగా వాదన నడుస్తుంది. సిగరెట్ డబ్బా మీది బొమ్మ లాంటిది కూడా కాదు ఇది, ఆ బొమ్మ కనీసం తాగినంతసేపూ జేబులో ఉంటుంది. కథ ఇచ్చే తీర్పును కథ ముందు వేసిన అక్షరాలు రద్దు చేయలేవు. ప్రేక్షకుడు వెంట తీసుకువెళ్లేది ముగింపునే.

‘ప్రేక్షకుణ్ణి అమాయకుణ్ణి చేయకండి, సినిమా సినిమాయేనని అందరికీ తెలుసు’ అనే మాట మరింత గట్టిది. హాలీవుడ్‌లో రాబర్ట్ ఎగ్గర్స్ ‘ది విచ్’ తీస్తే ప్రపంచం మెచ్చుకుంది, అందులో అడవిలో మంత్రగత్తె నిజంగానే ఉంటుంది, మరి దాన్నేమంటారు అని అడగవచ్చు. మంచి ప్రశ్న. అమెరికాలో సేలం ఊళ్లో మంత్రగత్తెలని ముద్రవేసి 19 మందిని ఉరితీసింది 1692లో. ఆ నిందలు అబద్ధమని అక్కడి పాఠ్యపుస్తకాలు చెబుతాయి, ఆ ఊరు స్మారకం కట్టుకుంది. మూడు వందల ఏళ్ల కిందట తీరిపోయిన లెక్క మీద కథకుడు ఎంత ఆటైనా ఆడవచ్చు. మన లెక్క ఇంకా తీరలేదు. నిప్పు చల్లారిన చోట బూడిదతో బొమ్మలు గీసుకోవడం వేరు, మండుతున్న చోట వేరు. సినిమా సినిమాయేనని ప్రేక్షకుడికి తెలుసు. పొలిమేరలో ఆత్మ లేవదని కూడా తెలుసు. కానీ చేతబడి అనేది ఉందా లేదా అన్న విషయంలోనే అతను ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకోని చోటే కథ మాట నెగ్గుతుంది.

ఈ గొడవ మనకు కొత్తది కాదని కూడా గుర్తుచేయాలి. యండమూరి వీరేంద్రనాథ్ చేతబడి నవల ‘తులసిదళం’ ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. దానికి జవాబుగా రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే వేశారు. ఆ తగాదాలో ఎవరి పక్షమైనా వహించండి, ఒక్క సంగతి మాత్రం మెచ్చుకోవాలి. నవల మీద కోపం వచ్చిన రచయిత్రి నిషేధం అడగకుండా పుస్తకానికి పుస్తకంతో సమాధానం చెప్పారు. నేనూ నిషేధం అడగను. సెన్సార్ బోర్డు కత్తెర ఇలాంటి విషయాల్లో ఎప్పుడూ తప్పు చోటే పడుతుంది, చేతబడి సీను ఉంచి పోలీసు తిట్టిన మాట తీసేస్తుంది. చట్టం సంగతి వేరు. మా కొండల అవతలి ఒడిశాలో మంత్రగత్తె వేట మీద 2013 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి ఉంది. మనకు లేదు. దాన్ని ప్రభుత్వాన్ని అడగాలి, మిమ్మల్ని కాదు. మిమ్మల్ని అడిగేది కథ సంగతి.

‘చిన్న బడ్జెట్‌లో భయం పుట్టించాలంటే ఇదే దారి’ అన్న వాదన ఒకటి మిగిలింది. నిర్మాతలు ఎక్కువగా చెప్పేది ఇదే. గ్రాఫిక్స్‌కు డబ్బు ఉండదు, నిమ్మకాయకు ఉంటుంది. అర్థమైంది. అయితే చవకలో తీసిన భయం సినిమాలన్నిటికీ పెద్దన్న లాంటిది 1968లో జార్జి రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’. లక్ష డాలర్ల పైచిలుకు ఖర్చు, నలుపు తెలుపు, ఒకే ఇల్లు. రాత్రంతా శవాలతో పోరాడి బతికి బయటపడిన నల్లజాతి కథానాయకుణ్ణి తెల్లారాక తుపాకులతో వచ్చిన గుంపు అతన్నీ శవమనుకుని కాల్చేస్తుంది. అరవై ఏళ్లు కావస్తున్నా జనానికి గుర్తున్నది శవాలు కాదు, ఆ గుంపు. మనకు దగ్గరలో చూస్తే 2024లో మలయాళం నుంచి వచ్చి తెలుగులోనూ ఆడిన ‘భ్రమయుగం’ ఉంది. పట్టుమని పదిమంది నటులు లేరు, ఒకే పాత ఇల్లు, రంగులు కూడా లేవు. అందులో మంత్రగాడు ఎవరు? ఊరి చివర గుడిసెలోవాడు కాదు, పెద్ద కులపు ఇంటి యజమాని. చిక్కుకున్నవాడు పాటలు పాడుకునే తక్కువ కులంవాడు. మంత్రం ఎప్పుడూ బలహీనుడి దగ్గరే ఉంటుందన్న మన సినిమా అలవాటును రాహుల్ సదాశివన్ తలకిందులు చేశాడు, భయం ఇసుమంత కూడా తగ్గలేదు. ఈ నిందలో చచ్చేది ఎప్పుడూ బలం లేనివాళ్లే కాబట్టి ఆ తలకిందులు చేయడంలో న్యాయం కూడా ఉంది.

హేతువు గెలిస్తే డబ్బులు రావన్నది కూడా అపోహే. ‘చంద్రముఖి’ 2005లో తెలుగు నేల మీద ఎలా ఆడిందో పంపిణీదారులకు నేను చెప్పనక్కర్లేదు. అందులో అంతా దెయ్యమని నమ్మినదాన్ని ఒక డాక్టరు మనసు జబ్బని తేలుస్తాడు. ఆ వైద్యం పుస్తకాల్లో లేని వైద్యమే అనుకోండి, కానీ జనం ఆ విప్పడాన్ని ఈలలు వేసి చూశారు. మీలోనే అజయ్ భూపతి ‘మంగళవారం’లో ఊరు అమ్మోరి ఆగ్రహం అనుకున్న చావుల వెనక మనిషి చెయ్యి ఉందని చూపించాడు. గోడమీద పేర్లు రాసి ఉండటం, మర్నాడు శవాలు దొరకడం, ఊరు వెంటనే దేవత మీదికి తోసేయడం, ఇదంతా చిల్లంగి పుట్టే పద్ధతికి చాలా దగ్గరి పరిశీలన. ఆ సినిమాలో ఇంకా చాలా విషయాలు నాకు నచ్చవు, ఆడమనిషి శరీరం మీద కెమెరా కాలక్షేపం చేసిన తీరు ముఖ్యంగా. ఊరి అనుమానానికి గెలుపు కట్టబెట్టకుండా సినిమా నడపవచ్చని మాత్రం అది నిరూపించింది.

మా వైపు షూటింగులకు మీరు వస్తూనే ఉంటారు. అరకు మంచు, లంబసింగి చలి, మా మండలంలో కొత్తపల్లి జలపాతం, ఖర్చు లేకుండా దొరికే తెర ఇది. రండి. అయితే ఆ మంచులోంచి పుర్రెల దండ వేసుకుని నడిచొచ్చే అడవి మంత్రగాణ్ణి ఇంకోసారి తేకండి. అటువంటి వేషం మా బగతల్లో లేదు, కొండదొరల్లో లేదు, కోదుల్లో లేదు. మాకున్నది దిసారి, ఆయన పంచాంగం చూసి విత్తనానికి మంచి రోజు చెబుతాడు. మేం వేటకు వెళ్లే ఇటుకల పండుగకూ మంచి రోజు చెబుతాడు. ఆయన్ను భయపెట్టేలా చిత్రించాలంటే చాలా కష్టపడాలి.

మూడో భాగం ఉంటుందని ప్రకటించిన ‘పొలిమేర’ బృందానికీ, ఇప్పుడే కథ రాసుకుంటూ ఉన్న పేరు తెలియని కుర్ర దర్శకుడికీ ఒక కథ ఊరికే ఇస్తాను, హక్కులు అడగను. కొండ మీద ఇరవై గడపల ఊరు. వాన. సాయంత్రం ఒక పిల్ల జ్వరంతో పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెడుతుంది. ఏడు గంటలకు ఒక పేరు బయటికి వస్తుంది. ఆ పేరుగల ముసలామె తన ఇంట్లో అంబలి కాచుకుంటూ ఉంది, ఆమెకు ఏమీ తెలియదు. ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష కిట్టు ఒక్కటే మిగిలింది, పిల్ల తండ్రి ఇంట్లోకి రానివ్వడం లేదు. గెడ్డ పొంగుతోంది. చావడి దగ్గర మగాళ్లు ఒక్కొక్కరే చేరుతున్నారు, వాళ్లలో సగం మందికి పుట్టినప్పుడు ఆ ముసలామే స్నానం పోసింది. ఎనిమిది గంటలకు పదిమంది, తొమ్మిదికి ఇరవై మంది. పరీక్షలో గీత కనబడటానికి పదిహేను నిమిషాలు కావాలి. మీకు దెయ్యం అక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు, అజనీష్ లోక్‌నాథ్ ఉంటే మంచిదే. గెడ్డకు ఈవల షూటింగ్‌కు ఊరు కావాలంటే జి.మాడుగుల చుట్టుపక్కల చాలా ఉన్నాయి. టికెట్ కొనుక్కునే చూస్తాను.

ఇట్లు,
జి.మాడుగుల నుంచి ఒక ప్రేక్షకుడు